దమ్మాం క్యాంపుల ఫ్రెడ్డీ పాట

ఇంకో కట్టె ఎగదొయ్యి బిడ్డా, చలి పెడ్తున్నది. ఫ్రెడ్డీ అగిలార్ ముచ్చట చెప్త, వినుండ్రి. ఫిలిప్పీన్ దేశపాయన. 2025 మే నెలల పోయిండు, 72 ఏండ్లకు. ‘అనాక్’ అని కన్నబిడ్డ మీద పాట కట్టిండు. నేను సౌదీల, దమ్మాంల కూలి చేసేటప్పుడు ఆ పాట వినని రాత్రి లేకుండె.

మా పక్క రూంల ఫిలిప్పీనోళ్లుండె. అండ్ల కరెంటు పని చేసే తమ్ముడొకడు నాకు మంచి దోస్తు. వాని కాడ ఒక్కటే క్యాసెట్. ఒక దిక్కు ఇంటికాడి పిల్లలు మాట్లాడి పంపిన మాటలు, ఇంకో దిక్కు ఈ పాట. బ్యాటరీ అయిపోతదని పెన్సిల్ పెట్టి తిప్పి వెనుకకు చుట్టెటోడు. మేం సుత ఇంటికి అట్లనే క్యాసెట్లల్ల మాట్లాడి పంపేది. అందుకే వాని బాధ వాడు చెప్పకముందే మాకు తెలిసేది.

పాట ఎట్ల పుట్టిందో వాడే చెప్పిండు. అగిలార్‌ను లాయర్ చెయ్యాలని తండ్రి ఆశ. కొడుకేమో సదువు ఇడిసిపెట్టి, గిటార్ పట్టుకొని ఇల్లు దాటిండు. జూదం మరిగిండు. అటెనుక కండ్లు తెరుసుకొని, తల్లిదండ్రుల ముంగట తల వంచినట్టు ఈ పాట రాసిండు. బిడ్డ పుట్టిననాడు ఇల్లంత మురిసిన ముచ్చట, రాత్రి లేచి పాలు కలిపిన తల్లి, పెద్దగైనంక వాళ్ల మాట పెడచెవిన పెట్టిన కొడుకు, అన్నీ అండ్లనే ఉంటయి. ‘నువ్వు, నువ్వు’ అనుకుంట ఎవరినో నిలదీసినట్టే ఉంటది గని, ఆ నువ్వు పాడెటోడే. నాకు గుండెల దిగింది గదే.

1978ల మనీలాల మొదటిసారి పెద్ద పాటల పోటీ పెట్టిండ్రు. ‘అనాక్’ ఫైనల్‌దాంక వచ్చింది గని మొదటి బహుమతి వేరే పాటకు పోయింది. అయితేంది, జపాన్‌ల, యూరప్‌ల సుత మోగింది, ఎన్నో భాషలల్లకు మారింది. అంతకుముందు 1973ల హువాన్ డె లా క్రూజ్ అనే బ్యాండు రాక్ పాటను సొంత భాషల పాడి తొవ్వ వేసింది. ఆ తొవ్వలనే అగిలార్ పాట సముద్రాలు దాటింది.

అప్పుడు ఫిలిప్పీన్‌ల మార్కోస్ అనెటాయన రాజ్యం. 1972ల సైనిక చట్టం పెట్టి అందరి నోర్లు మూయించిండు. 1983 ఆగస్టుల ప్రతిపక్ష నాయకుడు బెనిగ్నో అక్వినోను మనీలా విమానాశ్రయంలనే కాల్చి చంపిండ్రు. అమెరికావోళ్లు ఏలిన కాలంల పుట్టిన ‘బయాన్ కో’ అనే దేశభక్తి పాట ఉండె. ఆ చావు మీద లేచిన నిరసనలల్ల అగిలార్ దాన్ని ఎత్తుకున్నడు, జనం గొంతు కలిపిండ్రు. కన్నోళ్ల ముంగట తప్పైందని ఒప్పుకున్న గొంతు గది. అందుకే జనం నమ్మిండ్రంట నేను.

1986 ఫిబ్రవరిల మనీలాల ఎడ్సా రోడ్డు మీద లక్షల మంది నిలబడ్డరు. మార్కోస్ దేశం ఇడిసి పారిపోయిండు. ఆ వార్త రేడియోల విని మా పక్క రూం తమ్ముడు ఫోను కాడికి ఉరికిండు. వాళ్లమ్మ సుత ఆ రోడ్డు మీదికి పోయిందట. ఆమె చెప్తాంటె వింటనే ఉన్నడు. ఇంటికి పంపుదామనుకున్న రియాళ్లు ఆ ఒక్క ఫోనుకే ఒడిసినయి.