పదిమంది వాటాలతో తిరిగిన గాలిమర

1895 నాటి మాట. డెన్మార్క్ దేశంలో ఆస్కోవ్ అనే పల్లె. పొద్దుగూకగానే అక్కడి బడిలో దీపాలు వెలిగేవి. వాటిలో మండేది కిరసనాయిలు కాదు, బొగ్గు నుంచి తీసిన గ్యాసూ కాదు. బడి పక్కనే తిరిగే గాలిమర కరెంటు పుట్టించేది. ఆ కరెంటు నీటిని విడగొట్టేది. అలా వచ్చిన హైడ్రోజన్‌ను పెద్ద తొట్టిలో నిల్వచేసి, గొట్టాల గుండా దీపాలకు పంపేవారు. పగలు వీచిన గాలి రాత్రికి వెలుగయ్యేది. గాలి పడిపోయిన రోజున కూడా దాచిన గ్యాస్ ఉండేది కనుక చదువు ఆగేది కాదు. 1902 దాకా, ఏడేళ్లపాటు ఆ బడి అలాగే వెలిగింది.

ఇవాళ దేశాలన్నీ గ్రీన్ హైడ్రోజన్ అంటూ వేల కోట్లు పోస్తున్న పనిని సుమారు 130 ఏళ్ల కిందటే ఒక పల్లె బడి మాస్టారు చేసి చూపించారు. ఆయన పేరు పౌల్ లా కూర్.

2024లో ప్రపంచంలో పుట్టిన కరెంటులో గాలి, ఎండ కలిసి ఇచ్చింది దాదాపు 15 శాతం. డెన్మార్క్‌లో ఇప్పుడు ఒక్క గాలి వాటాయే సగం దాటింది. బొగ్గు గనులు లేవు, ఆనకట్టలు కట్టేంత నదులు లేవు, జనాభా 60 లక్షలు. అలాంటి చిన్న దేశం లోకానికి గాలిమరల పాఠం ఎలా చెప్పగలిగింది? జవాబు కోసం వెతుకుతూ పోతే పెద్ద కంపెనీల బోర్డు గదులు కనిపించవు. బడి పంతుళ్లు, వడ్రంగులు, కమ్మరులు, రైతులు కనిపిస్తారు.

మాస్టారి ప్రయోగం

లా కూర్ 1846లో రైతు కుటుంబంలో పుట్టారు. భౌతికశాస్త్రం చదివి, డెన్మార్క్ వాతావరణ సంస్థలో పెద్ద ఉద్యోగం చేశారు. టెలిగ్రాఫ్ పరికరాల్లో కొత్తవి కనిపెట్టి పేరు తెచ్చుకున్నారు. అవన్నీ వదులుకుని 1878లో ఆస్కోవ్ ఫోక్ హైస్కూల్‌లో మాస్టారుగా చేరారు. ఫోక్ హైస్కూల్ అంటే పరీక్షలు, డిగ్రీలు లేని వసతి బడి. పల్లె యువతీ యువకులు కొన్ని నెలలు అక్కడే ఉండి చరిత్ర, సైన్సు, పాటలు, లోకజ్ఞానం నేర్చుకుని మళ్లీ పొలానికి వెళ్లేవారు.

అప్పుడప్పుడే పట్టణాలకు కరెంటు వస్తోంది. పట్టణంలో వెలుగు, పల్లెలో చీకటి ఉంటే పల్లె మిగలదని లా కూర్ దిగులు. ప్రభుత్వ సాయంతో 1891లో బడి దగ్గర ప్రయోగాల గాలిమర కట్టించారు. మొదటి చిక్కు గాలి నిలకడలేనితనం. గాలి ఎగిసినా తగ్గినా డైనమో ఒకే తీరున తిరిగేలా 'క్రాటోస్టాట్' అనే సాధనం తయారుచేశారు. గాలి లేనప్పటి కోసం హైడ్రోజన్ పద్ధతి పెట్టారు. అది సుఖంగా సాగలేదు. హైడ్రోజన్‌లోకి ఆక్సిజన్ చేరి పేలుళ్లు జరిగి, బడి కిటికీల అద్దాలు ఒకటికి రెండుసార్లు పగిలాయి. మాస్టారు అద్దాలు మళ్లీ బిగించుకుని పని సాగించారు.

రెక్కలు ఎన్ని ఉంటే అంత మంచిదని అప్పటి నమ్మకం. లా కూర్ గొట్టంలోకి గాలి ఊదించి, చిన్న నమూనాల మీద కొలిచి చూశారు. తక్కువ రెక్కలు వేగంగా తిరిగితేనే ఎక్కువ శక్తి వస్తుందని తేల్చారు. ఇప్పుడు ప్రపంచమంతా మూడు రెక్కల గాలిమరలే కనిపించడానికి పునాదుల్లో ఒకటి ఆ లెక్కే.

ఆయన అక్కడితో ఆగలేదు. 1904 నుంచి పల్లె కుర్రాళ్లకు ఎలక్ట్రీషియన్ పని నేర్పించారు. 1908లో ఆయన కన్నుమూశారు. పదేళ్లు తిరిగేసరికి, 1918 నాటికి, డెన్మార్క్‌లో సుమారు 120 పల్లె విద్యుత్ కేంద్రాలకు గాలిమరలు ఉన్నాయి. దేశపు కరెంటు అవసరంలో 3 శాతం వాటి నుంచే వచ్చేది.

శిష్యుడి మూడు రెక్కలు

1904 నాటి ఆ శిక్షణ తరగతిలో యోహానెస్ యూల్ అనే కుర్రాడు కూర్చున్నాడు. తర్వాత ఆయన ఒక విద్యుత్ సంస్థలో ఇంజినీరుగా జీవితమంతా పనిచేశారు. యుద్ధకాలంలో బొగ్గు, నూనె దొరక్క దేశం పడిన ఇక్కట్లు కళ్లారా చూశారు. అరవై ఏళ్ల వయసులో, ఇక విశ్రాంతి తీసుకోవలసిన వేళ, మాస్టారి పని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

1957లో దేశపు దక్షిణ కొస గెడ్సర్‌లో ఆయన నిలబెట్టిన 200 కిలోవాట్ల గాలిమర ఈ కథకు గుండెకాయ. మూడు రెక్కలు, 24 మీటర్ల చుట్టు వ్యాసం. మామూలు ఏసీ గ్రిడ్‌కు నేరుగా కలిసే జనరేటర్. దాని గొప్ప దాని భద్రతలో ఉంది. గాలి హోరెత్తినప్పుడు గాలిమర అదుపు తప్పి తిరిగితే రెక్కలు విరిగిపోతాయి. అందుకు యూల్ పెట్టిన ఉపాయం చాలా సరళం. రెక్కను ఎంత వాలులో బిగించారంటే, గాలి వేగం ఒక హద్దు దాటాక అది రెక్క వంపును అంటిపెట్టుకుని జారలేదు. విడిపోయి వెనక సుడులు తిరుగుతుంది. దాంతో రెక్కకు తగిలే తోపు దానంతటదే తగ్గుతుంది. అయినా వేగం పెరిగిందంటే రెక్కల కొసలు పక్కకు తిరిగి గాలికి అడ్డం పడతాయి. పక్షి వాలేటప్పుడు రెక్క విప్పి వేగం తగ్గించుకున్నట్టు. మనిషి వెళ్లి బ్రేకు వేయనక్కరలేదు.

పదేళ్లపాటు, 1967 దాకా, పెద్ద మరమ్మతు లేకుండా అది తిరిగింది. ఆపేసింది గాలి కాదు, నూనె ధర. గల్ఫ్ చమురు నీళ్లలా చవగ్గా వస్తున్న రోజులవి. గాలి కరెంటు ఖరీదని లెక్క తేల్చారు. యూల్ 1969లో పోయారు. మరో నాలుగేళ్లు బతికుంటే తన గాలిమర అవసరం దేశానికి తెలిసిరావడం చూసేవారు.

ఆదివారం కార్లు ఆగిన ఏడు

1973 చివర్లో చమురు ధర అమాంతం పెరిగింది. డెన్మార్క్ వాడే ఇంధనంలో 90 శాతానికి పైగా దిగుమతి చేసుకున్న చమురే. ఆదివారాలు కార్లు తీయకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఖాళీ హైవేల మీద జనం సైకిళ్లు తొక్కారు. అణు విద్యుత్ కేంద్రాలే దారి అని ప్రభుత్వం, విద్యుత్ సంస్థలు అనుకున్నాయి. జనంలో చాలామంది ఒప్పుకోలేదు. 'అణువిద్యుత్తా? వద్దండీ' అన్న నవ్వే సూర్యుడి బిళ్ల 1975లో ఆ దేశంలోనే పుట్టి ప్రపంచమంతా తిరిగింది.

వద్దు అనడం తేలిక. మరి ఏది కావాలి? ఆ ప్రశ్నకు జవాబు చేతులతో చెప్పినవాళ్లు ఉన్నారు. క్రిస్టియన్ రీసేగర్ అనే వడ్రంగి గెడ్సర్ పద్ధతినే చిన్నది చేసి, తన పెరట్లో గాలిమర కట్టి గ్రిడ్‌కు కలిపాడు. అది పనిచేసింది. ఇరుగుపొరుగు తమకూ ఒకటి కావాలన్నారు. ఆయన కట్టి అమ్మడం మొదలుపెట్టాడు.

పశ్చిమ తీరాన ఉల్ఫ్‌బోర్గ్ దగ్గర ట్విన్ అనే చోట బడి టీచర్లు ఇంకా పెద్ద సాహసం చేశారు. తమ జీతాల్లోంచి డబ్బు పోగుచేసి 1975లో గాలిమర కట్టడం మొదలుపెట్టారు. కాంక్రీటు పోయడం, ఇనుము కట్టడం, ఫైబర్‌గ్లాస్ రెక్కలు పోతపోయడం అన్నీ అక్కడికక్కడే. వందలమంది స్వచ్ఛందంగా వచ్చి చెయ్యి వేశారు. కొన్ని యంత్ర భాగాలు పాతవి కొని తెచ్చారు. 1978 మార్చిలో 54 మీటర్ల చుట్టు వ్యాసంతో అది తిరగడం మొదలయ్యేసరికి ప్రపంచంలో అంతకన్నా పెద్ద గాలిమర లేదు. రెక్కలు మార్చుకుని అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఏనుగులు కూలాయి, చీమలు నిలిచాయి

అదే కాలంలో అమెరికా ప్రభుత్వం నాసా పర్యవేక్షణలో భారీ గాలిమరలు కట్టించింది. విమానాల కంపెనీలకు పని అప్పగించింది. పశ్చిమ జర్మనీ 3 మెగావాట్ల 'గ్రోవియాన్'ను 1983లో నిలబెట్టింది. వంద మీటర్ల వ్యాసం, రెండు రెక్కలు. పగుళ్లు వచ్చి, అన్నీ కలిపి సుమారు 420 గంటలు మాత్రమే నడిచింది. 1988లో దాన్ని విప్పేశారు. డబ్బుకు, మేధస్సుకు అక్కడ కొదవ లేదు. తప్పుల నుంచి మెల్లగా నేర్చుకునే ఓపిక మాత్రం లేదు.

డెన్మార్క్‌లో దారి వేరు. 22, 30, 55 కిలోవాట్లు అంటూ మెట్టు మెట్టుగా ఎక్కారు. గాలిమర కొన్న రైతులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఏ గాలిమర నెలకు ఎంత కరెంటు ఇచ్చింది, ఏది ఎక్కడ విరిగింది అన్నవి పత్రికలో అచ్చువేశారు. దాచుకోవడానికి వీల్లేని లెక్క అది. చెడ్డ గాలిమర చేసినవాడికి మరుసటి నెల బేరం ఉండేది కాదు. 1978లో రీసో పరిశోధనా కేంద్రంలో పరీక్షా కేంద్రం మొదలైంది. అక్కడ ముద్ర పడిన గాలిమర కొంటే 1979 నుంచి ఖరీదులో 30 శాతం సర్కారు ఇచ్చింది.

ఆ రోజుల్లోనే హెన్రిక్ స్టీస్‌డాల్ అనే కుర్రాడు ఒక కమ్మరితో కలిసి మూడు రెక్కల గాలిమర చేశాడు. ఆ నమూనా హక్కులు కొన్న కంపెనీ వెస్టాస్. 1898లో పల్లె కమ్మరి కొలిమితో మొదలైన ఇల్లు అది. పాలు చల్లబరిచే యంత్రాలు, క్రేన్లు చేసుకుంటూ బతికేది. ఈనాడు గాలిమరల తయారీలో ప్రపంచంలో పేరెన్నికగన్న సంస్థ. 1980ల మొదట్లో పన్ను రాయితీ ఆసరాతో కాలిఫోర్నియా కొండల మీద వేల గాలిమరలు లేచాయి. పలచని అమెరికన్ యంత్రాలు ఎన్నో మొరాయించాయి. పొలం పనిముట్లలా మొద్దుగా, బరువుగా ఉన్న డానిష్ యంత్రాలు నిలిచాయి. 1985 చివరిలో పన్ను రాయితీ పోగానే ఆ బజారు కూలింది. వెస్టాస్ కూడా మునిగి, మళ్లీ కొత్తగా లేచింది. ఇంటి బజారు ఉన్నందునే ఆ పరిశ్రమ బతికి బట్టకట్టింది.

వాటా ఉంటే చప్పుడు వినపడదు

ఆ ఇంటి బజారు పొత్తు సంఘాలది. పాడి రైతుల సహకార సంఘాలు డెన్మార్క్‌లో పాతవే. అదే అలవాటుతో ఊళ్లో పదీ ఇరవై కుటుంబాలు కలిసి గాలిమర కొనేవి. ఏడాదికి వెయ్యి యూనిట్లు ఇచ్చే భాగం ఒక వాటా. తమ ఇంటి వాడకాన్ని బట్టి ఎవరికి కావలసినన్ని వాటాలు వాళ్లు తీసుకునేవారు. ఈ సంఘాలు పెరుగుతున్న కాలంలోనే, 1985లో పార్లమెంటు అణువిద్యుత్తును ప్రణాళికల నుంచి తీసేసింది. 2001 నాటికి లక్షకు పైగా కుటుంబాలు గాలిమర సంఘాల్లో ఉన్నాయి. 2000లో కోపెన్‌హాగన్ రేవు ఎదుట సముద్రంలో 20 గాలిమరల వరస లేచింది. అందులో సగం ఎనిమిది వేలమందికి పైగా సభ్యులున్న సహకార సంఘానిది.

సామ్సో దీవి కథ ఇంకా మేలైనది. బంగాళాదుంపలకు పేరున్న నాలుగు వేల జనాభా దీవి. పదేళ్లలో తన శక్తినంతా తానే పుట్టించుకుంటానని 1997లో జాతీయ పోటీలో గెలిచింది. నేల మీద 11, సముద్రంలో 10 గాలిమరలు పెట్టింది. ఇళ్లకు వేడినీళ్లు పొలాల్లో మిగిలిన గడ్డి కాల్చి ఇచ్చింది. ఈ పనికి ముందు నడిచిన సోరెన్ హెర్మాన్‌సెన్ దీవిలోనే పుట్టిన రైతుబిడ్డ. రైతులను, పంచాయతీని, అనుమానం పడ్డవాళ్లను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. తనదైన గాలిమర చప్పుడు ఎవరి నిద్రా చెడగొట్టదని ఆ దీవి నిరూపించింది.

గాలిమరలు పెరిగి పెద్దవై, యాజమాన్యం కంపెనీల చేతికి వెళ్లాక అదే డెన్మార్క్‌లో పల్లెల నిరసన మొదలైంది. అందుకే 2009లో ఒక చట్టం అమల్లోకి తెచ్చారు. కొత్త గాలిమరలు పెట్టేవారు కనీసం 20 శాతం వాటాలు చుట్టుపక్కల వారికి అమ్మజూపాలి. పదేళ్లకు పైగా ఆ నియమం నడిచింది.

సముద్రం మీదికి

1991లో డెన్మార్క్‌లోని విండెబీ తీరాన ప్రపంచంలోనే మొదటి సముద్ర పవన కేంద్రం మొదలైంది. 11 గాలిమరలు, అన్నీ కలిపి 5 మెగావాట్లకు కాస్త తక్కువ. దాని వెనుకా స్టీస్‌డాల్ ఉన్నారు. 2017లో విప్పేసేనాటికి పాతికేళ్లు పనిచేసింది. ఇప్పుడు ఒక్క సముద్ర గాలిమరే 15 మెగావాట్లు ఇస్తోంది. అంటే మూడు విండెబీల పెట్టు.

మన కొండల మీద

ఈ కథకు మనతోనూ చుట్టరికం ఉంది. 1980ల చివర్లో డెన్మార్క్ సాయంతో గుజరాత్‌లో, తమిళనాడులో నమూనా పవన కేంద్రాలు లేచాయి. 1990లలో అనంతపురం సీమలో రామగిరి కొండలు గాలిమరలు ఎత్తుకున్నాయి. 2017లో కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల పొలాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్ వచ్చింది. గాలీ ఎండా రాయలసీమకు దండిగా ఉన్నాయి. వాటిని కరెంటుగా మార్చే తెలివీ ఉంది. లేనిదల్లా వాటా. మన దగ్గర గాలిమర కంపెనీ ఆస్తి, సోలార్ పలక కంపెనీ ఆస్తి. ఊరికి దక్కేది కౌలు, కొన్నాళ్ల కూలి, కాపలా ఉద్యోగం.

పాల సంఘాలు నడుపుకున్న ఊళ్లు మనవి. పొదుపు సంఘాలతో దేశానికి దారి చూపిన అక్కచెల్లెళ్లు మనవాళ్లు. లీటరు పాలకు లెక్క రాసుకున్న చేయి యూనిట్ కరెంటుకు రాసుకోలేదా? కొత్త పవన, సౌర కేంద్రానికి అనుమతి ఇచ్చేటప్పుడు ఆ ఊరి సంఘానికి వాటా కొనే హక్కు ఇవ్వాలి, కొనడానికి బ్యాంకు అప్పు ఇప్పించాలి. ఊరివాళ్లు కూడా కౌలు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ ఒక్క మాట అడగాలి: ఇందులో మా వాటా ఎంత?