సుబ్బారావు గారి మందు, మన పిల్లల మోకాళ్ళు

ఈసారి రాత కొంచెం పొడుగు. చాయ్ దగ్గర పెట్టుకొని చదవండి.

చిన్నపిల్లలకు కీళ్ళవాతం వస్తుందంటే మనవాళ్ళు నమ్మరు. వాతం ముసలివాళ్ళ జబ్బు అంటారు. పిల్ల పొద్దున లేచి కుంటితే "రాత్రి ఎక్కడో పడి ఉంటుంది" అంటారు, లేదా "ఎదిగే నొప్పులు" అని నూనె రాస్తారు. ఇది మన ఒక్కరి సంగతి కాదు. నూటపాతికేళ్ళ కిందట లండన్‌లో పెద్ద డాక్టర్లు కూడా దీన్ని పెద్దల వాతంతోనే కలిపి చూసేవారు. ఆ లెక్క ఎలా మారిందో, అందులో మన భీమవరం మనిషి చెయ్యి ఎంత ఉందో చెప్పాలని ఇది రాస్తున్నాం.

1897లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టరు ఒక వ్యాసం అచ్చు వేయించాడు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తూ, కీళ్ళు వాచిన 22 మంది పిల్లల వివరాలు అందులో రాశాడు. వీళ్ళలో కొందరిది పెద్దల జబ్బు కాదు, వేరే జబ్బు అని గట్టిగా చెప్పాడు. ఆయన ఇంకో సంగతి కూడా గమనించాడు. ఆ పిల్లల్లో చాలామందికి మెడలో, చంకల్లో బిళ్ళలు కట్టాయి, ప్లీహం పెరిగింది. ఎందుకో ఆ కాలంలో ఎవరికీ తెలియదు. ఈ రోజు తెలుసు. ఆ బిళ్ళలు, ప్లీహం మన ఒంటి కాపలాదారుల ఠాణాలు. జబ్బు మోకాలిలో కనబడినా, గొడవంతా ఆ కాపలాదారులదే అని ఆ పిల్లల ఒళ్ళే చెప్పింది.

ఆ కాపలాదారుల పనిని కళ్ళతో చూసినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనా ఊళ్ళో, గాజులాగ పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో ముల్లు గుచ్చి చూశాడు. తెల్లారేసరికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. బయటినుంచి వచ్చినదాన్ని పట్టి మింగే కణాలు ఇవి. రైల్వే భాషలో చెప్పాలంటే లైను మీద తిరుగుతూ అడ్డు వచ్చినదాన్ని తీసేసే గ్యాంగ్‌మన్లు. వీటిలో పెద్దవాటికి మాక్రోఫేజ్ అని పేరు. 1908లో మెచ్నికోవ్‌కు, జర్మనీ డాక్టరు పాల్ ఎర్లిక్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. కాని ఆ ఎర్లిక్ మాటే ఒకటి చాలాకాలం దారికి అడ్డుపడింది. ఒళ్ళు తన మీద తాను తిరగబడదు, అది ప్రకృతికే ఒప్పని పని అని ఆయన భావం. దాంతో కాపలావాడే ఇంటి మీద పడతాడన్న ఆలోచన ఎన్నో ఏళ్ళు ముందుకు సాగలేదు.

1961లో జాక్ మిల్లర్ అనే ఆయన ఇంకో తలుపు తెరిచాడు. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంది. అప్పటిదాకా దాన్ని పనికిరానిదిగా లెక్క కట్టారు. అది ఒక ట్రెయినింగ్ స్కూల్ అని ఆయన చూపించాడు. అక్కడ తయారయ్యే కాపలాదారులే టి కణాలు. సొంత ఒంటి మీద పడేవాటిని చాలావరకు అక్కడే ఇంటికి పంపేస్తారు. కాని కొన్ని తప్పించుకొని బయటికి వస్తాయి. బయట వాటిని అదుపులో పెట్టడానికి వేరే రకం టి కణాలు ఉన్నాయని 1995లో జపాన్ శాస్త్రజ్ఞుడు సకగుచి చూపించాడు. ఈ దారిలో చేసిన పనికి 2025లో ఆయనకూ, అమెరికాలోని బ్రంకో, రామ్స్‌డెల్‌లకూ నోబెల్ వచ్చింది. పేపర్లో చూసే ఉంటారు.

ఇప్పుడు పిల్ల మోకాలిలోకి వద్దాం. కీలు లోపల పలచని పొర ఉంటుంది. సాంచాకు నూనె ఎలాగో కీలుకు ఆ పొర నుంచి వచ్చే జిగురు నీరు అలాగ. ఈ జబ్బులో టి కణాలు ఏ శత్రువూ లేకుండానే ఆ పొరలోకి గుంపుగా దిగుతాయి. అవి మాక్రోఫేజులను రెచ్చగొడతాయి. మాక్రోఫేజులు టిఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలను కంట్రోల్ ఆఫీసు నుంచి తంతి మీద తంతి పోయినట్టు వదులుతాయి. ఆ కబురు అందుకొని ఇంకా కణాలు వస్తాయి. పొర మందం అవుతుంది, నీరు చేరుతుంది, కొన్నాళ్ళకు మెత్తని ఎముకను తినడం మొదలవుతుంది. వింత ఏమిటంటే, అదుపు చేసే కణాలు కూడా ఆ కీలులోనే ఉంటాయి. కాని రెచ్చిపోయినవి వాటి మాట వినవు.

అన్ని పిల్లల జబ్బూ ఒకటి కాదు. కొందరికి నాలుగు కీళ్ళ లోపే వస్తుంది, ఎక్కువగా చిన్న ఆడపిల్లలకు. కొందరికి ఐదు, అంతకు మించి. ఈ రెండింటిలో టి కణాల పాత్ర పెద్దది. మూడో రకంలో రోజూ వచ్చి దిగే జ్వరం, ఒంటి మీద ఎర్రని దద్దు, తర్వాత కీళ్ళు. స్టిల్ పేరుతో పిలిచే జబ్బు ఇదే. ఇందులో ముందు రెచ్చిపోయేవి మాక్రోఫేజులు, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు. ఒక్కోసారి మాక్రోఫేజులు పూర్తిగా అదుపు తప్పి ప్రాణం మీదికి తెస్తాయి. ఎడతెగని జ్వరం, రక్తకణాలు పడిపోవడం, ముక్కు నుంచి రక్తం కనబడితే అదే రాత్రి పెద్దాసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

ఇక మన భీమవరం మనిషి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టారు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, మా పాఠాల్లో ఆయన పేరు వినలేదు. కాని మద్రాసు సెంట్రల్ స్టేషన్ బయటికి వచ్చి రోడ్డు దాటితే ఉన్న మెడికల్ కాలేజీలోనే ఆయన చదివారు. ఆ ముందునుంచి ఎన్నిసార్లు నడిచామో లెక్కలేదు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కోటుతో ఆపరేషన్ క్లాసుకు పోయినందుకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టా ఇచ్చారు. సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆ జబ్బులో రక్తం పలచబడిపోతుంది. 1923లో ఆయన బోస్టన్ చేరారు. 1940లో లెడర్లీ కంపెనీలో పరిశోధనకు వెళ్ళారు. 1945లో అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందు.

తర్వాత అదే బృందం ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే మందులు చేసింది. అమినోప్టెరిన్, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ ఇచ్చి, రక్త క్యాన్సర్ పిల్లల్లో కొందరికి కొంతకాలం జబ్బు తగ్గినట్టు లోకానికి చూపించాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. వయసు 53. తన మందు కీళ్ళకు కూడా పనికొస్తుందని ఆయనకు తెలియదు. అది 1951లో మొదలైంది, ముందు పెద్దవాళ్ళలో. పిల్లల విషయం 1992లో తేలింది. అమెరికా, సోవియట్ ఆసుపత్రులు కలిసి 127 మంది పిల్లల్లో పరీక్షించి, వారానికి ఒక్కసారి తక్కువ మోతాదులో ఇచ్చే మెథోట్రెక్సేట్ పనిచేస్తుందని అచ్చు వేశాయి. అంత తక్కువ మోతాదులో అది రెచ్చిన కణాలను చల్లబరుస్తుంది.

ఈ చరిత్ర ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, మా వీధిలో సాంచాల మీద పనిచేసే ఒకతని కూతురికి, ఏడేళ్ళ పిల్లకు, ఈ జబ్బు. మీటరు లెక్కన కూలి, ఆసుపత్రికి పోయిన రోజు కూలి పోయినట్టే. అయినా తిరిగారు, మందు మొదలుపెట్టారు, పిల్ల మెట్లు ఎక్కింది. అప్పుడు కార్ఖానాలో ఎవరో ఫోనులో చూసి "ఇది క్యాన్సర్ మందు, పిల్లకు ఎందుకు పోస్తున్నావు" అన్నారు. భయపడి రెండు నెలలు ఆపేశారు. మోకాలు మళ్ళీ కొబ్బరికాయంత అయింది. మేము వెళ్ళి నాయనమ్మ దగ్గర కూర్చొని సుబ్బారావు గారి కథ చెప్పాం. "మనవాడు చేసిన మందా?" అని అడిగింది. ఇప్పుడు ఆ ఇంట్లో బుధవారం మాత్ర రోజు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నారు. డాక్టరు దానితో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాశాడు, వేరే రోజు వేసుకోవడానికి. ఒకటి, దానికి ఎదురుది, రెండూ ఒకే మనిషి బల్ల మీద నుంచి వచ్చినవి.

ఆ తర్వాత కొత్త మందులు వచ్చాయి. లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే ఇద్దరు టిఎన్ఎఫ్ అనే ఆ తంతినే ఆపితే పెద్దల వాతం దిగుతుందని 1992 నుంచి చూపించారు. 1999లో ఎటనర్సెప్ట్ అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో పిల్లలకు అనుమతి వచ్చింది. జ్వరం రకానికి ఇంటర్‌ల్యూకిన్-1ని, 6ని ఆపే మందులు వచ్చాయి. అయితే మన ఊళ్ళో ఒక జాగ్రత్త ఉంది. టి.బి. క్రిమిని ఊపిరితిత్తుల్లో కట్టేసి ఉంచడానికి ఆ టిఎన్ఎఫ్ అవసరం. దూది పొగలో, ఇరుకు గదుల్లో బతికే మనవాళ్ళలో టి.బి. కొత్త కాదు. అందుకే ఆ ఇంజెక్షన్ ముందు టి.బి. పరీక్ష చేస్తారు. "ఇంకో పరీక్ష, ఇంకో ఖర్చు" అని విసుక్కోకండి.

చివరగా గుర్తు పెట్టుకోవలసినవి.

పదహారేళ్ళ లోపు పిల్లకు ఆరు వారాలు దాటి కీలు వాచి ఉంటే, పొద్దున లేవగానే బిగుసుకుపోయి మధ్యాహ్నానికి సర్దుకుంటుంటే, అది ఎదిగే నొప్పి కాదు. రక్తంలో వాతం పరీక్ష నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు, చాలామంది పిల్లల్లో అది నెగెటివే వస్తుంది. కళ్ళ డాక్టరుకు కూడా చూపించాలి. ఈ జబ్బు కంటి లోపల ఎరుపు, నొప్పి లేకుండా చూపు తినగలదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, రోజూ వేస్తే ప్రాణానికి ముప్పు. ఆపాలన్నా, మార్చాలన్నా డాక్టరే చెప్పాలి, కార్ఖానాలో ఫోను కాదు.

పిల్లల ఆసుపత్రి కావాలంటే పరేల్‌లో వాడియా ఉంది. అంజూర్ ఫాటా నుంచి ఠాణే దాకా బస్సు, అక్కడినుంచి లోకల్. దారి తెలియనివాళ్ళు, హిందీ, మరాఠీ రానివాళ్ళు మమ్మల్ని అడగండి. టికెట్ కౌంటర్ దగ్గర నిలబడటం మాకు కొత్త కాదు, తోడు వస్తాం.