క్రామర్ చాపెల్

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, ఫోర్ట్ వేన్‌లో ఉన్న లూథరన్ వేదాంత విద్యాలయానికి నడిబొడ్డున ఉన్న ప్రార్థనా మందిరం. ఫిన్లాండ్‌లో పుట్టిన వాస్తుశిల్పి ఈరో సారినెన్ 1950లలో కాంకార్డియా సీనియర్ కాలేజీ కోసం దీన్ని రూపొందించాడు.

ఆయనకు నమూనా ఉత్తర ఐరోపా పల్లె: నడుమ గుడి, చుట్టూ ఇళ్లు. మందిరాన్ని మిట్ట మీద, కృత్రిమ సరస్సుకు ఎదురుగా నిలిపాడు. తరగతి గదులకూ వసతి గృహాలకూ వాలు తక్కువ పైకప్పులు వేసి, దీనికి మాత్రం నిటారుగా లేచే కప్పు పెట్టాడు. దూరం నుంచి చూస్తే నమస్కరిస్తున్న రెండు చేతుల్లా కనిపిస్తుంది. పెద్దరికం ఎవరిదో చెప్పడానికి ఆ వాలు తేడా చాలు, అలంకారం అక్కర్లేదు. ప్రాంగణంలో చెట్లూ దారులూ తీర్చినవాడు డాన్ కైలీ.

1976లో స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి ఇప్పటి వేదాంత విద్యాలయం ఆ కాలేజీ ప్రాంగణానికి తరలివచ్చింది.