తామర అబ్బురపు వేళ్లు

తామరకు తల్లివేరు ఉండదు. పిండంలో ప్రథమమూలం నామమాత్రంగా ఉన్నా అది ఎదగదు; మొక్కను బతికినంతకాలం బురదలో నిలిపేవీ, పోషించేవీ కణుపుల దగ్గర గుత్తులుగా పుట్టే అబ్బురపు వేళ్లే. గింజ పెంకును ఆకురాయితో అరగదీసి నీళ్లలో వేస్తే ఈ క్రమం కళ్లకు కడుతుంది. ముందు బయటికొచ్చేది వేరు కాదు, గింజలో ఉన్నప్పుడే పచ్చగా మడతపడి ఉన్న ఆకు. సన్నని కాడలు సాగి నీటిపైకి బయల్దేరాకే కణుపు దగ్గర తెల్లని వేళ్లు మొలుస్తాయి. తల్లివేరు లేకపోవడం, కాండంలో నాళికాపుంజాలు చెదురుగా ఉండడం చూస్తే వరిలాగా ఇదీ ఏకదళబీజ మొక్కేమో అనిపిస్తుంది. శాస్త్రజ్ఞులకూ ఆ అనుమానం నూరేళ్లు తీరలేదు. 19వ శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్స్‌లో లూయీ క్లోద్ రిషార్ తామరను ఏకదళబీజమంటే, మిర్బెల్ కాదన్నాడు. 1901లో అమెరికాలో హెరాల్డ్ లయన్ పిండాన్ని దశలవారీగా పరిశీలించి, మొదట ఒకే బీజదళం పుట్టి తర్వాత రెండుగా చీలుతుందంటూ మళ్లీ ఏకదళ పక్షానికే మొగ్గాడు.

ఈ తగవును తీర్చింది వేళ్లు కాదు, డీఎన్‌ఏ. 1993 నాటి జన్యు పోలికలు తామరను ప్లేన్ చెట్ల సరసన చేర్చాయి. 1998 వర్గీకరణ వాటితోపాటు సిల్వర్ ఓక్ కుటుంబాన్నీ ఒకే క్రమంలో ఉంచింది. అరకు కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ లోతుగా వేళ్లు దించే మహావృక్షం. బంధువులు ఇలా ఉండగా తామర మాత్రమే తల్లివేరును వదులుకుందంటే, కారణాన్ని వంశంలో కాక బురదలో వెతకాలి. కలువకూ తల్లివేరు నిలవదు కదా, ఇది రెండింటికీ పూర్వుల నుంచి వచ్చిన లక్షణం కాకూడదా అని అడగవచ్చు. కానీ కలువ, పూల మొక్కల వంశంలో చాలా ముందే వేరుపడిన శాఖ. ఆ రెండింటి మధ్య నేల మీది చెట్లెన్నో ఉన్నాయి. రెండూ వేర్వేరుగా నీటిలోకి దిగి ఒకే దారి పట్టాయనడమే సబబు. నీట మునిగిన బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, లోతుకు దిగే వేరుకు ఊపిరాడదు. అడ్డంగా పాకే దుంపలోని గాలిగొట్టాలు మాత్రం ఆకుల నుంచి గాలిని కణుపుల దాకా తెస్తాయి. వేళ్లు అక్కడే పుట్టడంలో ఆశ్చర్యమేముంది?

వేరు మొలిచే యంత్రాంగం మీద ఇటీవలి ప్రయోగాలు ఎక్కువగా చైనాలో జరిగాయి. ఆక్సిన్ అనే హార్మోన్ కొద్ది మోతాదులో వేళ్లను పెంచుతుంది, మితిమీరితే అణచివేస్తుంది. వాయురూపంలో ఉండే హార్మోన్ ఎథిలీన్ కూడా పెంచుతుంది, దాని ప్రభావాన్ని అడ్డుకుంటే వేళ్లు తగ్గిపోతాయి. వాయువులు నీటిలో గాలిలోకన్నా సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి కాబట్టి, మునిగిన కణుపులో ఎథిలీన్ పేరుకుంటుంది. అంటే మునకే వేరు మొలవడానికి సంకేతమవుతుంది. ఆక్సిన్ వరిలోనూ ఇదే పని చేస్తుందిగా అంటే, నిజమే. అందుకే హార్మోన్ల సాక్ష్యంతో బంధుత్వం తేల్చలేం. పూల మొక్కలన్నిటికీ ఉన్న పాత పనిముట్టునే తామర వాడుకుందని మాత్రమే చెప్పగలం. తామర సొంతంగా సమకూర్చుకున్నదీ ఉంది. 2013లో వెలువడిన జన్యుపటంలో, ఫాస్ఫేట్ కొరతకు స్పందించే ఒక జన్యు కుటుంబం తామరలో అసాధారణంగా విస్తరించినట్టు కనబడింది. ఆ జన్యువుల్లో అధికభాగం పనిచేసేది వేళ్లలోనే.