మెడపట్టీలోని మందు - మేలు, కీడు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలలో, కొండాపురము, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో, గొర్రెల మంద వెంట కావలి కుక్క నడచుట సాధారణ దృశ్యము. ఆ కుక్క చెవులలో, వ్రేళ్ల సందులలో పిడుదులు చేరును. వీటినే కొందరు గోమార్లు అందురు.

పిడుదు రక్తము పీల్చుటయే గాక రోగమును కూడ ఎక్కించును. 1893లో అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు పశువుల జ్వరమొకటి పిడుదుల మూలమున వ్యాపించునని నిరూపించిరి. 1910లో ప్యాటన్ అను శాస్త్రజ్ఞుడు మదరాసు వేటకుక్కల రక్తములో ఒక క్రొత్త పరాన్నజీవిని గుర్తించి వర్ణించెను. నెల్లూరు జిల్లా నాడు మదరాసు రాజధానిలోనిదే. నేడు బబీసియా గిబ్సోని అని పిలువబడు ఈ జీవి ఎర్ర రక్తకణములను నాశనము చేసి కుక్కకు రక్తహీనత కలిగించును. కావున పిడుదులను తొలగించుట అవసరమే. అయితే దేనితో తొలగించవలెను?

1960ల దశకములో అమెరికాలో డైక్లోర్వాస్ అను మందును ప్లాస్టిక్‌లో కలిపి, మెడపట్టీలుగా చేసి అమ్మిరి. పట్టీనుండి మందు కొద్దికొద్దిగా ఆవిరియై వెలువడి పురుగులను చంపును. నాడీ సంకేతము పని ముగియగానే దానిని ఆపు ఎంజైమును ఈ మందు అడ్డగించును. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. ఆ ఎంజైము పురుగులోనే గాక కుక్కలోను, మనిషిలోను గలదు. కొన్ని కుక్కలకు, పిల్లులకు పట్టీ తగిలినచోట చర్మము వాచి పుండ్లు పడెను. మనదేశములో 2018 నాటి ఉత్తర్వు ననుసరించి డైక్లోర్వాస్ వాడుక 2020 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినది.

ప్రొపాక్సర్ కూడ ఆ ఎంజైమునే అడ్డగించును. కుక్కను నిమిరి, ఆ చేతిని నోట పెట్టుకొను పసిపిల్లలకు దానివలన అపాయమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కగట్టెను. 2014లో ఆ పట్టీల తయారీని మానుటకు కంపెనీలు ఒప్పుకొనినవి.

తరువాత వచ్చిన సెరెస్టో పట్టీలో ఇమిడాక్లోప్రిడ్, ఫ్లుమెత్రిన్ అను మందులున్నవి. ఇవి క్షీరదములకంటె పురుగుల నాడులపై ఎక్కువగా పనిచేయును. అయినను పెంపుడు జంతువులకు హాని కలిగెనని ఫిర్యాదులు వచ్చినందున ఆ సంస్థ పునఃపరిశీలన జరిపెను. 2023లో దానిని నిషేధింపక, అయిదేండ్ల గడువుతో, అదనపు హెచ్చరికలతో అమ్మకమునకు అనుమతించెను.

ఒక జంతువుకు పనికివచ్చినది మరొకదానికి ప్రాణాంతకము కావచ్చును. కుక్కలు తట్టుకొను పెర్మెత్రిన్‌ను పిల్లి కాలేయము త్వరగా విరిచివేయలేదు. కావున కుక్క పట్టీని పిల్లికి కట్టరాదు. చీటీపై తెలిపిన వయస్సు, బరువు చూడవలెను. మెడకు, పట్టీకి మధ్య రెండు వ్రేళ్లు పట్టునంత ఎడముండవలెను. చర్మము ఎర్రబడినను, కుక్క వణకినను పట్టీని వెంటనే తీసి పశువైద్యునికి చూపవలెను. పైరుకు చల్లు మందును కుక్క ఒంటికి పూయుట ఎంతమాత్రము తగదు.

పట్టీ చూచుటకు అలంకారమువలె ఉన్నను, అది రేయింబవళ్లు మెడనంటియుండు మందు. పురుగును చంపవలెను, కుక్కను కాపాడవలెను, కుక్కతో ఆడుకొను బిడ్డకు కీడు రాకూడదు. ఈ మూడును నెరవేరినప్పుడే అది క్షేమకరము.