గుర్రం పోయె, సీటు వచ్చె!

1878లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఒక తోలు వ్యాపారి గుర్రం చచ్చిపోయింది. ఆ వ్యాపారి పేరు జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్. హింక్లీ అనే ఊరి నుంచి జేబులో 20 పౌండ్లు వేసుకుని వచ్చి, 1866లో గుర్రాల జీనులు, తోలు పట్టీలు తయారుచేసే దుకాణం పెట్టుకున్నాడు. గుర్రాల సామానుతో బతికేవాడికి మరో గుర్రం కొనే స్తోమత లేకపోయింది. పనులు ఆగవు కదా, ఎవరి దగ్గరో సైకిల్ అరువు తెచ్చుకున్నాడు. దాని మీద కూర్చున్నాక తెలిసింది, సీటు ఎంత నరకమో. తోలు పని చేతిలో ఉన్న మనిషి గనక ఊరుకోలేదు. నాలుగేళ్ళు తంటాలు పడి 1882 అక్టోబరులో తన తోలు సీటుకు పేటెంటు తీసుకున్నాడు.

ఇది బ్రూక్స్ కంపెనీ తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న కథ. కంపెనీల పుట్టుక కథల్లో ఉప్పూకారం కాస్త ఎక్కువే పడుతుంది. పేటెంటు మాత్రం నిజం. బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న స్మెథిక్‌లో ఆ కంపెనీ ఇవాళ్టికీ తోలు సీట్లు చేస్తోంది. 2002 నుంచి యజమానులు ఇటలీవాళ్ళు, అంతే తేడా.

ఇప్పుడీ కథ ఎందుకంటే, మన ఊళ్ళలో హైబ్రిడ్ సైకిల్ కొన్నవాళ్ళలో చాలామంది బ్రూక్స్ పడ్డ బాధే పడుతున్నారు. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ 2023లో తెరిచాక తెల్లవారుజామున సైకిలెక్కేవాళ్ళకు దారి దొరికింది, కానీ కూర్చునే చోట సుఖం దొరకలేదు. వారం తిరక్కుండా దుకాణానికి వెళ్ళి ‘మెత్తటి సీటు ఏదైనా ఉందా’ అని అడుగుతారు. దుకాణదారు జెల్ కవరో, దిండులాంటి వెడల్పాటి సీటో చేతిలో పెడతాడు. రెండు నెలల తర్వాత సైకిల్ బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. రెండు వందల ఏళ్ళ సీటు చరిత్ర తిరగేస్తే, ఆ అడిగిన ప్రశ్నలోనే తప్పుందని తేలుతుంది.

మొదటి నుంచీ చూద్దాం. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రాయిస్ నడిపిన చెక్క బండికి పెడళ్ళు లేవు. నేల మీద కాళ్ళతో తన్నుకుంటూ పోవాలి. అయినా దానికి మెత్త కుట్టిన సీటు ఉంది, మోచేతులు ఆనించుకోవడానికి ఒక పలక కూడా ఉంది. అంటే పెడల్ కన్నా ముందే సీటు గురించి ఆలోచించారన్నమాట. 1860లలో పారిస్‌లో మిషో తయారుచేసిన పెడల్ బండికి ఇనుప పట్టాల చక్రాలు, కింద రాళ్ళు పరిచిన వీధులు. సీటును పొడవాటి ఇనుప బద్ద స్ప్రింగు మీద కూర్చోబెట్టినా లాభం లేకపోయింది. ఇంగ్లిషువాళ్ళు దానికి ఎముకలు కుదిపే బండి అని ముద్దుపేరు పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన పెద్ద చక్రం సైకిల్ కొంత నయం. చక్రం పెద్దదైతే గుంత చిన్నదవుతుంది.

బ్రూక్స్ చేసిన పని ఏమిటో దగ్గరగా చూడాలి. పశువు తోలులో మందపాటి ముక్క ఒకటి తీసుకుంటారు, 5, 6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. నీళ్ళలో నానబెట్టి, సీటు ఆకారంలో ఉన్న అచ్చు మీద ఒత్తి, ఆరబెడతారు. అంచులు చెక్కి, ఇనుప చట్రం మీద ముందూ వెనకా రాగి రివెట్లు పెట్టి సుత్తితో కొడతారు. తోలుకీ చట్రానికీ మధ్యలో ఏమీ ఉండదు. దూది లేదు, స్పాంజి లేదు, ఖాళీ. నులక మంచంలో నులకలాగే తోలు బిగుతుగా వేలాడుతూ ఉంటుంది. సీటు ముందు కొసను ముక్కు అంటారు, దాని కింద ఒక బోల్టు ఉంటుంది. తోలు సాగి వదులైతే పానా పెట్టి ఆ బోల్టు కాస్త తిప్పితే మళ్ళీ బిగుస్తుంది. కొత్తలో రాయిలా ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాక, తొక్కినవాడి ఎముకలు ఆనిన రెండు చోట్లా రెండు చిన్న లోతులు పడతాయి. అక్కడి నుంచి అది ఆ మనిషి సీటు. ఇంకొకరు ఎక్కితే గుచ్చుకుంటుంది. 19వ శతాబ్దం చివర్లో మొదలైన వాళ్ళ బి17 మోడల్ ఇప్పటికీ అమ్ముడుపోతోందంటే ఆ రెండు లోతుల చలవే. సీటు మెత్తగా ఉండటం కాదు, ఎముకలకు చోటివ్వడం ముఖ్యమని బ్రూక్స్ చేత్తో కనిపెట్టాడు. డాక్టర్లు కాగితం మీద తేల్చడానికి ఇంకో వందేళ్ళకు పైగా పట్టింది.

1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి చెయిను, ఇవాళ మనం తొక్కే ఆకారం. పెద్ద చక్రం ఎత్తు నుంచి పడితే ప్రాణం పోయే భయం తగ్గింది గానీ, చక్రాలు చిన్నవై, టైర్లు గట్టి రబ్బరువి కావడంతో కుదుపులన్నీ నేరుగా సీటుకే వచ్చాయి. సీట్ల కింద చుట్టల స్ప్రింగులు పెరిగాయి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి టైరు చేశాడు. మెత్తదనం కోసం ఎగబడేవాళ్ళు గమనించాల్సింది ఇక్కడే. కుదుపు ఆపే పని టైరుది. ఆ పని కూడా సీటుకే అప్పగిస్తే అది తన అసలు పని చెయ్యలేదు. హైబ్రిడ్ సైకిల్ టైరులో గాలి రాయిలా కొట్టించి సీటును తిట్టుకునేవాళ్ళు ఎంతమందో!

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి మికేల్ పెడర్సన్. డెన్మార్క్‌వాడు, ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో స్థిరపడ్డాడు. దొరికిన ఏ సీటూ ఆయనకు సుఖంగా లేదు. తాళ్ళు అల్లి ఉయ్యాల లాంటి సీటు చేసుకున్నాడు. అప్పట్లో తోలు సీట్లు మూడు పౌన్ల దాకా బరువుంటే, ఆయన సీటు సుమారు నాలుగు ఔన్సులు, మన లెక్కలో నూట పది గ్రాముల చిల్లర. చిక్కేమిటంటే ఉయ్యాలను రెండు చివర్లా కట్టాలి, మామూలు సైకిల్‌కు అలా కట్టే చోటు లేదు. ఇంకొకరైతే సీటు మార్చుకునేవారు. పెడర్సన్ సైకిల్‌నే మార్చేశాడు! సన్నటి గొట్టాలతో త్రికోణాల మీద త్రికోణాలు పేర్చి, సీటు వేలాడదీయడానికి వీలుగా కొత్త సైకిల్ కట్టి 1893లో పేటెంటు తీసుకున్నాడు. డర్స్‌లీ పెడర్సన్ అన్న పేరుతో అది కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఆయన చేతిలో మాత్రం డబ్బు నిలవలేదు. 1929లో కోపెన్‌హాగన్‌లో బీదరికంలో పోయాడు. 1995లో డర్స్‌లీవాళ్ళు ఆయన అస్థికలు తెప్పించి తమ ఊళ్ళో ఖననం చేసుకున్నారు. 1978లో కోపెన్‌హాగన్‌లో ఒకాయన ఆ సైకిల్‌ను మళ్ళీ తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. ఐరోపాలో వాటిని ఇప్పటికీ మక్కువగా తొక్కేవాళ్ళున్నారు.

అదే 1890లలో ఆడవాళ్ళు సైకిలెక్కారు. పాశ్చాత్య సమాజం గుండెలు బాదుకుంది. సీటు ముక్కు ఆడవాళ్ళ ఆరోగ్యాన్నీ నడవడినీ కూడా చెడగొడుతుందని కొందరు డాక్టర్లు పత్రికల్లో రాశారు. సగం నీతి, సగం వైద్యం. అయితే ఆ గోలలోంచే ఒక మంచి పని జరిగింది. నడుమ చీలిక ఉన్న సీట్లు, ముక్కు పొట్టిగా ఉన్న సీట్లు, రెండు విడి మెత్తలున్న సీట్లు బజారులోకి వచ్చాయి. అమెరికాలో స్పాల్డింగ్ కంపెనీ అమ్మిన క్రిస్టీ సీటు ప్రకటనల్లో కటి ఎముకల బొమ్మ వేసేవారు, ఒక పక్క మామూలు సీటు మీద, మరో పక్క తమ సీటు మీద. ఎముకలు ఎక్కడ ఆనుతున్నాయి, కాళ్ళ సందున ఉన్న మెత్తటి భాగం ఎక్కడ నలుగుతోంది అన్నది కళ్ళకు కట్టినట్టు కనిపించేది. ఇవాళ దుకాణాల్లో నడుమ సందున్న సీటును ‘లేటెస్ట్ మోడల్’ అని చూపిస్తే నవ్వొస్తుంది. దాని వయసు నూట పాతికేళ్ళ పైమాటే.

మన దేశానికి సైకిల్ వచ్చింది ఇంగ్లండ్ నుంచే. రాలీ, హంబర్, బీఎస్ఏ బళ్ళతోపాటు ఆ తోలు సీటూ వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత మద్రాసులో టీఐ సైకిల్స్, అసన్‌సోల్‌లో సేన్ రాలీ, సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాక కూడా చాలాకాలం అదే నమూనా నడిచింది: నిటారు కూర్చోబెట్టే హ్యాండిలు, వెనక రెండు లావు స్ప్రింగులు, వెడల్పాటి సీటు. ఆ మూడింటికీ లంకె ఉంది. నిటారుగా కూర్చుంటే ఒంటి బరువు దాదాపు మొత్తం పిరుదుల మీదే పడుతుంది, అందుకే వెడల్పు, అందుకే స్ప్రింగులు. పోస్ట్‌మన్, పాలవాడు, బడిపంతులు రోజూ మైళ్ళ కొద్దీ తొక్కినా సీటును తిట్టుకోకపోవడానికి కారణం ఓర్పు ఒక్కటే కాదు, లెక్క సరిపోవడం. ఇక పిల్లలకు ఆ సీటు అందేది కాదు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కి, తర్వాత కడ్డీ మీదకెక్కి, ఆఖరున సీటు మీద కూర్చున్ననాడు పెద్దవాడైపోయినట్టే. వానాకాలంలో తోలు నానకుండా సీటుకు పాలిథిన్ సంచి కట్టడం, పెళ్ళికి ముందు కుచ్చుల కవరు తొడగడం అన్నీ ఆ సీటుకిచ్చే మర్యాదలో భాగమే. తర్వాత రెగ్జిన్, స్పాంజి వచ్చి తోలు తప్పుకుంది.

పందెగాళ్ళ దారి వేరు. ముందుకు వంగిపోతారు కాబట్టి బరువు చేతులూ కాళ్ళూ పంచుకుంటాయి. వాళ్ళకు సన్నటి సీటు చాలు. 1960ల నుంచి ఇటలీవాళ్ళు ప్లాస్టిక్ పెంకు మీద పల్చటి మెత్త వేసి అలాంటివి చేశారు. చూడటానికి నాజూకు. గొడవ ఏమిటంటే, పందేలకు పోని మామూలు జనం కూడా ఆ నాజూకు చూసి మోజుపడ్డారు.

1997లో బోస్టన్ యూరాలజిస్టు అర్విన్ గోల్డ్‌స్టీన్ ఒక అమెరికా సైకిల్ పత్రికలో, సీటు ముక్కు మీద బరువు పడితే మగవాళ్ళకు తిమ్మిరి నుంచి నపుంసకత్వం దాకా దారితీస్తుందని హెచ్చరించాడు. ఆయన మాటలో అతి ఉందని చాలామంది కొట్టిపారేశారు, ఉన్నమాటా నిజమే. అయినా కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. స్పెషలైజ్డ్ కంపెనీ రోజర్ మిన్‌కో అనే డాక్టరును పెట్టుకుని నడుమ గాడి ఉన్న సీట్లు తెచ్చింది. తర్వాత అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్, సైకిళ్ళ మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లిచ్చి ఆరు నెలలు చూసింది. తిమ్మిరి లేదన్నవాళ్ళు 27 శాతం నుంచి 82 శాతానికి పెరిగారు. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ముక్కు లేని సీటు మన రోడ్ల మీద ఇప్పటికీ కనిపించడం అరుదు. మనిషి అలవాటు సీటు తోలు కన్నా మొండిది, పైగా తొడలతో బండిని అదుపు చెయ్యడానికి ముక్కు కావాలి మరి.

హైబ్రిడ్ దగ్గరికొద్దాం. పాత నల్ల సైకిల్ అంత నిటారు కాదు, పందెం బండి అంత వంపూ కాదు. నడుం కాస్త ముందుకు వాలుతుంది. అందుకే తాతగారి వెడల్పాటి సీటు దీనికి తొడల్లో రాసుకుంటుంది, పందెం సీటు ఎముకలకు చాలదు. జెల్ దిండు సంగతి చెప్పాలంటే, ఎముకలు అందులోకి దిగబడతాయి, పక్కకు తోసుకుపోయిన జెల్ నడుమకు ఉబ్బి మెత్తటి భాగాన్నే నొక్కుతుంది. పదిహేను నిమిషాలు స్వర్గం, గంట తిరిగేసరికి తిమ్మిరి. కూరగాయలకు మార్కెట్ దాకా వెళ్ళొచ్చేవాళ్ళకు పర్వాలేదు, పాతిక కిలోమీటర్లు తొక్కేవాళ్ళకు దండగ.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. పార్సిల్ అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి స్టూలు మీద పెట్టి, పల్చటి బట్టలతో దాని మీద కూర్చుని, మోకాళ్ళు పైకి వచ్చేలా మడమలు ఎత్తి, సైకిల్ మీద వాలినట్టే కాస్త ముందుకు వాలండి. ఒక నిమిషం తర్వాత లేచి చూస్తే అట్ట మీద రెండు నొక్కులు కనిపిస్తాయి. కనిపించకపోతే వేలితో తడిమితే తెలుస్తాయి. ఒక నొక్కు నడుమ నుంచి రెండో దాని నడుమ దాకా స్కేలు పెట్టండి. చాలామందికి 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య వస్తుంది, ఆడవాళ్ళకు సాధారణంగా కాస్త ఎక్కువ. ఒడ్డూ పొడుగూ చూసి ఊహించొద్దు, లావుగా ఉన్నవాళ్ళకు ఎముకల దూరం తక్కువ ఉండొచ్చు. ఆ కొలతకు రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే హైబ్రిడ్‌కు సరిపడే వెడల్పు.

కొత్తది కొనేముందు పాతదాని మీద ఒక పానా ఖర్చు చేసి చూడండి. పెడల్ కిందికున్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. అంతకన్నా ఎత్తుంటే తుంటి అటూ ఇటూ ఊగి ఒరుసుకుపోతుంది. ముక్కు పైకి లేచి ఉంటే సమంగా దించండి. టైరు పక్కన అచ్చేసిన ఒత్తిడి హద్దుల్లో పై అంకె దాకా గాలి కొట్టించకండి. ఇవి చేసినా వారం తర్వాత కూడా నొప్పి పోకపోతే అప్పుడు దుకాణానికి వెళ్ళండి. ‘మెత్తటిది ఉందా’ అని కాకుండా, మీ అంకె చెప్పి ‘ఈ వెడల్పులో, నడుమ సందున్న గట్టి సీటు చూపించండి’ అని అడగండి. నాలుగు రోజులు తొక్కి నచ్చకపోతే మార్చి ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే తేల్చుకోండి.