విరుగుడు
ఎండకు విరుగుడు మజ్జిగ యనియు, నిరుద్యోగమునకు విరుగుడు కుటీరపరిశ్రమ యనియు ప్రతి నివారణోపాయమునకును తగిలించుచున్న ఈ మాట, పాలు విరుగుటలోని విరుగు ధాతువునుండి పుట్టి, విరుచు, విరుపు అనువానితో చుట్టరికము కలదియై, విషవీర్యమును విరుచు పదార్థమను ముఖ్యార్థము గలది. సంస్కృతమున దీనికి సాటియగు అగదము ఆయుర్వేదాష్టాంగములలో అగదతంత్రమునకు పేరైనది. ఆ ముఖ్యార్థము నేటి వైద్యమున చెడకయున్నది: గుండె లయ తప్పినవారికిచ్చు డిజాక్సిన్ ఒంట మితిమీరి, వాంతులు పుట్టించి, దీపముల చుట్టు పసుపు వలయములు చూపి, నాడిని మందగింపజేసినపుడు, గొఱ్ఱె రక్తమునుండి తీసిన ప్రతిదేహకముల తునకలను సిరలోనికెక్కించినచో, అవి ఆ మందును పట్టి బంధించి మూత్రమున వెడలగొట్టును. 1976లో ఈ పద్ధతి మనుష్యునియందు ఫలించినట్లు ప్రకటితమయ్యెను. మన పెరళ్లలోని పచ్చగన్నేరు గింజ మ్రింగినవారికిని, విషము డిజాక్సిన్ జాతిదే యగుటచే, ఇదియే అక్కఱకు వచ్చును. బీటా బ్లాకర్లు మితిమీరినపుడిచ్చు గ్లూకగాన్‌నుగూడ విరుగుడనియే యందురు గాని, అది విషమును తాకక వేఱుదారిన గుండెకు బలము గూర్చునదగుటచే, దానిని ఊత యనుటయే ఉచితము.